హారతి చెయ్యి, గంట చెయ్యి

సెలక్షన్ల కబురు నా చెవిన మొదట వేసింది మా వీధి మలుపులో ఇస్త్రీ మామ. ఆ రోజుల్లో మా వీధికి పేపరు పొద్దెక్కి వచ్చేది గానీ ఇస్త్రీ బండి దగ్గర వార్త ఆలస్యం కావడమనేది ఉండేది కాదు. ఎవరింట్లో పెళ్లిచూపులో, ఎవరికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చిందో, ఎవరు అలిగి పుట్టింటికి పోతున్నారో ఆయనకు బట్టలే చెప్పేవి. ఆ ఉదయం నేను గుడికి పోతుంటే ఇస్త్రీ పెట్టె పక్కకు జరిపి పిలిచాడు. బడి పీఈటీ సారు ట్రాక్‌సూటు ఒక్క వారంలో రెండోసారి ఇస్త్రీకి వచ్చిందట. అంటే పిల్లల బాస్కెట్‌బాల్ సెలక్షన్లు దగ్గర పడ్డట్టేనట. మన వీధి ఆడపిల్లలు నలుగురికి ఆ ఆట పిచ్చి ఉంది గనుక నాకు తెలిసి ఉండటం మంచిదట. నాకెందుకు మంచిదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. ఎవరేం చెప్పినా ముందు దేవుడికి దండం పెట్టుకొని ఆ తర్వాత ఆలోచించే వయసు. (ఇప్పటికీ వరుస అదే. ఆలోచన మాత్రం కాస్త త్వరగా వస్తోంది.)

నా సంగతి ఒక ముక్క చెప్పాలి, లేకపోతే మిగతాది మీకు నమ్మబుద్ధి కాదు. నేను బడి మొహం చూడని టీచరును. చిన్నప్పుడు పట్టుకున్న జ్వరం ఏడాది దాటినా వదలకపోతే మా బాపు నన్ను బడికి పంపడం మానేసి, బట్టల దుకాణంలో తన పక్కనే కూచోబెట్టుకున్నాడు. గిరాకీ లేనప్పుడల్లా అక్షరాలు, ఎక్కాలు, ఇంగ్లీషు నేర్పేవాడు. గుడ్డ కొలిచే గజం బద్దతోనే నా నోటుబుక్కులో గీతలు గీసేవాడు. పరీక్షలన్నీ ప్రైవేటుగా రాసి ఒడ్డెక్కాను. ఆయన పెట్టిన అన్నం కంటే ఆయన చెప్పిన చదువుకు నేనెక్కువ రుణపడి ఉన్నాను. కానీ దుకాణంలో డ్రిల్లు పీరియడ్ ఉండదు గదా. పరుగు, గెంతు, బంతి – ఇవన్నీ నాకు కిటికీలోంచి చూసిన విషయాలు. అట్లాంటి నేను మా వరండాలో సాయంత్రం పూట మగ్గాల ఇళ్ల పిల్లలకు ట్యూషన్ చెప్పేదాన్ని. లెక్కలతో పాటు సంస్కారం కూడా నేర్పుతానని పేరు. ఏ వస్తువిచ్చినా కుడిచేత్తో ఇవ్వాలి, ఎవరికైనా కాలు తగిలితే తాకి కండ్లకద్దుకోవాలి, అడిగినవాళ్లకు లేదనకూడదు, వచ్చేవాళ్లకు అడ్డం నిలబడకూడదు. ఈ నాలుగూ మా పిల్లలకు రెండో ఎక్కం కంటే బాగా వచ్చేవి.

ఆ పిల్లల్లో ఒకతెను అందరూ నిచ్చెన అనేవాళ్లు. పదమూడేళ్లకే మా వరండా దూలం అందుకునేది. మాట తక్కువ, ఎత్తు ఎక్కువ. వాళ్ల బాపుది పవర్‌లూమ్ పని. ఇక్కడ పని సాగక, బడులకు సెలవులివ్వగానే ఇల్లంతా బొంబాయి పక్కన భీవండి పోవడానికి సిద్ధపడ్డారు. అక్కడికి పోతే నిచ్చెన చదువు ఆగినట్టే. పోయిన ఏడు వాళ్ల చిన్నాయిన పిల్లలు పోయారు, మళ్లీ పుస్తకం ముట్టలేదు. ఈ సెలక్షన్లలో గెలిచిన పిల్లలకు ఆటల హాస్టల్‌లో సీటు, పదో తరగతి దాకా చదువు అని సారు చెప్పాడు. నిచ్చెన వాళ్ల బాపు మంచివాడే. నా వరండా మెట్టు మీద కూచొని ఆయన అన్న మాట ఒక్కటే.

"సీటొస్తే ఇడిసిపెట్టి పోత బిడ్డా. రాకపోతే మాతోనే వస్తది. ఎదిగిన పిల్లను ఎవలకని అప్పజెప్పి పోవాలె?"

సారేమో డిప్యుటేషన్ మీద స్టేషన్ ఘన్‌పూర్ బడిలో ఉన్నాడు, శనివారం ఒక్కరోజే మాకు దొరికేది. పెద్దమనిషి తోడు లేకుండా ఆడపిల్లలను గ్రౌండుకు పంపమని తల్లులందరూ కూడబలుక్కున్నారు. టీచరక్క పోతే పంపుతామన్నారు. అట్లా నేను కాపలాకు పోయి, సారు లేని అయిదు రోజులకు కోచ్‌నయ్యాను. గుడి నుంచి పూలబుట్టతో తిన్నగా గ్రౌండుకు పోయేదాన్ని. మొదటిరోజు గీత దగ్గర చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టానని పిల్లలు నెల రోజులు నవ్వుకున్నారు. (తెల్లగీత కనబడితే నాకు ముగ్గే గుర్తొస్తుంది, నేనేం చేసేది.)

సారు నాకొక ఇంగ్లీషు రూల్స్ పుస్తకం ఇచ్చి పోయాడు. డిక్షనరీ పక్కన పెట్టుకొని రెండు రోజులు చదివాను. అందులో బంతితో ట్రావెలింగ్ చేయడం పెద్ద తప్పని రాసి ఉంది. ట్రావెలింగ్ అంటే ప్రయాణం అని డిక్షనరీ ఖాయం చేసింది. మా నలుగురిలో పొట్టిగా, ఒక్క చోట నిలవకుండా తిరిగే పిల్ల ఉండేది, బొంగరం అని పేరు. ఆ పిల్ల బడి బంతిని సంచిలో వేసుకొని ఆటోలో ఇంటికి తీసుకుపోయేది. రూల్స్ ఒప్పుకోవు, బంతి ప్రయాణం చేయకూడదు, గ్రౌండులోనే పెట్టి పొమ్మని గట్టిగా చెప్పాను. పెట్టి పోయారు. తెల్లారేసరికి బంతి నిజంగానే ఎటో ప్రయాణం చేసింది. రెండు రోజులు పిల్లలు ఉత్త చేతులతో, బంతి ఉన్నట్టు అనుకొని ఆడారు. శనివారం సారు వచ్చి, ట్రావెలింగ్ అంటే బంతి చేతిలో పట్టుకొని నేలకు కొట్టకుండా నడవడమని చెప్పి, చాలాసేపు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు ఊగుతున్నాయి గనుక నవ్వుతున్నాడని అర్థమైంది. కొత్త బంతి ఆయనే తెచ్చాడు. ఇప్పటికీ ఆయనకు మనసులో దండం పెట్టుకుంటాను, నన్ను పిల్లల ముందు ఒక్క మాట అననందుకు.

అసలు తిప్పలు ఆ తర్వాత మొదలయ్యాయి. ఎట్లా ఉన్నారో చూద్దామని సారు మడికొండ వైపు నుంచి ఒక బడి పిల్లలను నలుగురిని పిలిపించి మావాళ్లతో ఆడించాడు. ఆట మొదలైన కాసేపటికే నాకు చెమటలు పట్టాయి. నా నాలుగు సంస్కారాలూ వరుసగా బరిలోకి దిగాయి. అవతలి పిల్ల బంతితో దూసుకొస్తుంటే మా పిల్లలు మర్యాదగా పక్కకు తప్పుకొని దారి ఇచ్చారు. అవతలి జట్టులో గడుగ్గాయి ఒకతి అది కనిపెట్టి, "అక్కా, బాల్ ఇటియ్యి" అని చెయ్యి చాపితే మావాళ్లలో ఒకతె నిజంగానే ఇచ్చింది. నిచ్చెన ఎవరి కాలో తొక్కి, ఆట ఆపి, వంగి తాకి కండ్లకద్దుకుంది. ఆ లోపల అవతలివాళ్లు రెండు బుట్టలు వేశారు. అన్నిటికంటే ఘోరం ఎడమ చెయ్యి. ఎడమ పక్క ఖాళీగా ఉన్నా, బంతి ఎడమ చేతిలోకి వచ్చినా, దాన్ని కుడిచేతిలోకి మార్చి, సరిగా పట్టుకొని, అప్పుడు అందించేవాళ్లు, పేరంటంలో వాయనం ఇచ్చినట్టు. అవతలివాళ్లకు అది తెలిసిపోయి అందరూ మా కుడిపక్కనే కాపు కాశారు. ఆట అయ్యాక సారు నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు.

"అమ్మా, ఇంత మంచి పిల్లలను నా సర్వీసుల చూడలే. కని ఒక్కతి గూడ సెలెక్ట్ గాదు."

ఇంటికి వచ్చి దేవుడి గూటి ముందు కూచుంటే దండం కూడా సరిగా రాలేదు. నిచ్చెనను భీవండి రైలెక్కించేది వాళ్ల బాపు కాదు, నేనే అనిపించింది. మర్నాడు పిల్లలను చుట్టూ కూచోబెట్టుకొని, గీత లోపల నియమాలు వేరు, గీత బయట వేరు అని చెప్పాను. అడ్డం నిలబడటం, అడిగినా ఇవ్వకపోవడం రెండూ వాళ్లకు వెంటనే వచ్చేశాయి. (చెడగొట్టడం ఇంత సులువని తెలిసి కాస్త దిగులేసింది.) కాలు తగిలితే కండ్లకద్దుకోవడం మాత్రం నిచ్చెనకు పోలేదు, చెయ్యి దానంతటదే కిందికి పోయేది. ఇక ఎడమ చెయ్యి దగ్గర నలుగురూ మొండికేశారు. నిచ్చెన తలొంచుకొని, ఎడమ చేత్తోని ఇస్తే పాపం గాదా అక్కా అని అడిగింది. పాపమని చెప్పింది నేనే, నాకూ అట్లానే ఉంది.

ఇంతలో ఈ ఎడమ చేతి సంగతి నిచ్చెన వాళ్ల నాయినమ్మకు చేరింది. ఆమె మా ఇంటికి వచ్చి వరండాలో స్తంభానికి ఆనుకొని కూచుంది. మంచినీళ్లిస్తే తాగి, గ్లాసు కుడిచేత్తో తిరిగి ఇచ్చి, అప్పుడు మొదలుపెట్టింది.

"కుడిచేత్తోనే ఇయ్యాలెనని నేర్పింది నువ్వేనాయె. గిప్పుడు ఎడమ చెయ్యనేది నువ్వేనాయె. ఏదో ఒక్క మాట మీద ఉండు బిడ్డా, పోరి పరేషాన్ అయితాంది."

ఆమెకు కోపం లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆమెనే వెంటబెట్టుకొని గుడికి పోయాను. అయ్యగారు మధ్యాహ్నం హారతికి కర్పూరం సిద్ధం చేసుకుంటున్నారు. బాస్కెట్‌బాల్ గురించి గర్భగుడి ముందు నిలబడి అడిగిన మొదటి మనిషిని నేనే అయి ఉంటాను. సందేహమంతా చెప్పాను. ఎడమ చేత్తో బంతి ఇస్తే దోషమా, దోషమైతే పరిహారం ఏమిటి, పిల్లలు చేయాలా నేర్పినదాన్ని గనుక నేను చేయాలా అన్నీ అడిగాను. ఆయన ఓపిగ్గా విని, లోపలికి పోయి, కుడిచేత్తో హారతి పళ్లెం ఎత్తి, ఎడమ చేత్తో గంట అందుకొని, మోగించే ముందు మావైపు తిరిగారు.

"ఇదేం చెయ్యమ్మా?"

ఇద్దరం ఆ గంట వైపే చూస్తూ నిలబడ్డాం. పుట్టినప్పటి నుంచి రోజూ చూస్తున్న గంటే. అది ఏ చేతిలో ఉంటుందో నేను ఏనాడూ గమనించలేదు. హారతి అయ్యాక ఆయన ప్రసాదం ఇస్తూ, రెండు చేతులూ దేవుడి పనికి వచ్చేవేనని, ఎవరి పని వాళ్లదని అన్నారు. బయటికి వచ్చాక నాయినమ్మ మెట్ల మీద ఆగి, మగ్గానికి నూలు కండెలు చుట్టేటప్పుడు రాట్నం తిప్పేది కుడిచెయ్యి గానీ నూలుపోగు పట్టేది ఎడమ చెయ్యేనని, పోగు తెగకుండా ఉండేది ఆ చేతి మెత్తదనం వల్లనే అని, తన మనవరాలు ఆరేండ్ల నుంచీ ఆ పని చేస్తోందని చెప్పింది. అంటే నిచ్చెన ఎడమ చెయ్యి పని వచ్చిన చెయ్యే. నేను దానికి సెలవిచ్చి ఇంట్లో కూచోబెట్టానంతే.

ఆ సాయంత్రం నుంచి మా గ్రౌండులో కుడి, ఎడమ అనే మాటలు పోయాయి. ఎడమ అనే మాట వింటేనే పిల్లల చెయ్యి ముడుచుకుపోయేది. అందుకని కుడికి హారతి, ఎడమకు గంట అని పేర్లు పెట్టాను. దాంతో వాళ్ల భయం ఎట్లా పోయిందో పోయింది. బంతి ఎడమకు రావాలంటే "గంట" అని అరిచేవాళ్లు, కుడికైతే "హారతి". కుడిచేతిని చున్నీతో నడుముకు కట్టి ఎడమ చేత్తో బంతి కొట్టించాను. నాయినమ్మ కూడా వచ్చి నీడన కూచొని, బంతిని గట్టిగ పట్టకు, పోగు పట్టినట్టు పట్టు అని చెప్పేది. ఆ మాట తర్వాత నిచ్చెన ఎడమ చేతి నుంచి బంతి బుట్టలోకి చప్పుడు లేకుండా జారేది. నెల దాటేసరికి సారు మళ్లీ గోడవైపు తిరిగాడు గానీ ఈసారి భుజాలు ఊగలేదు, జేబులోంచి చేతిరుమాలు తీశాడు.

సెలక్షన్ల రోజు పిల్లలందరికీ వీపు మీద నంబర్లు కుట్టి, ఊళ్లు కలిపి జట్లు చేశారు. దేవుడి దయవల్ల నిచ్చెన, బొంగరం ఒకే జట్టులో పడ్డారు. నిచ్చెనకు కాపుగా అవతలి జట్టులో వర్ధన్నపేట వైపు నుంచి వచ్చిన పిల్ల నిలబడింది. రెండు జడలకూ ఎర్ర రిబ్బన్లు, పట్టు వదలని పిల్ల. నిచ్చెన ఎటు పోతే అటే నీడలాగా పోయింది. ఆట మొదట్లోనే నిచ్చెన ఆ పిల్ల పాదం తొక్కింది. తొక్కి, నేను ఎంత మొత్తుకున్నా మారని ఆ అలవాటు ప్రకారం, అంతమంది మధ్యలో వంగి ఆ పాదం తాకి కండ్లకద్దుకుంది. ఎర్ర రిబ్బన్ల పిల్ల ఆశ్చర్యపోయి తాను కూడా గుండె మీద చెయ్యి పెట్టుకుంది. నేను తల పట్టుకున్నాను. పెద్ద సారొకాయన నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు.

ఆట ఆఖరికి వచ్చింది. నిచ్చెన అప్పటిదాకా పెద్దగా ఏమీ చేయలేదు. ఎర్ర రిబ్బన్లు చేయనివ్వలేదు. అప్పుడు బొంగరానికి బంతి దొరికింది. నిచ్చెన ఎడమ పక్క అడుగు ఖాళీ చేసుకుంది. బొంగరం గొంతు చించుకొని, "గంట, గంట" అని అరిచింది. ఆ అరుపుకు మా వీధిలో ఒక్కటే అర్థం. కానీ మిగతా వరంగల్ అంతటా బడిలో గంట అంటే ఇంకో అర్థం. ఎర్ర రిబ్బన్ల పిల్ల అయిపోయిందనుకొని చేతులు దించి, మంచినీళ్ల సీసా వైపు తిరిగింది. ఆమె జట్టు మొత్తం ఆగిపోయింది. నిచ్చెన ఎడమ చేత్తో అందుకొని, ఎవరూ అడ్డం లేని దారిలో పోయి, పోగు పట్టినట్టు బుట్టలో వేసింది.

విజిల్ మోగింది. ఎర్ర రిబ్బన్ల పిల్ల బడి సారు గ్రౌండులోకి వచ్చేశాడు. గంట కొట్టారని అబద్ధం ఆడి మోసం చేశారని, ఇట్లాంటి పిల్లలను లిస్టులోంచి తీసేయాలని గట్టిగా అన్నాడు. అనేవాళ్లకు తోడు నలుగురు దొరికారు. సెలక్షన్లు చూస్తున్న మేడం నిచ్చెనను పిలిచి, ఇది ఎవరు నేర్పారని అడిగింది. నిచ్చెన తిరిగి నావైపు చూసింది. నేనే ముందుకు పోయాను. (చెప్పులు మళ్లీ గీత బయటే. కంగారులో కూడా.) హారతి అన్నాను, గంట అన్నాను, అయ్యగారన్నాను, నూలుపోగన్నాను. చెప్పేకొద్దీ ఎవరూ నమ్మని కథలాగా తయారైంది. ఆ సారు, తప్పు కప్పిపుచ్చుకోవడానికి దేవుడిని కూడా గ్రౌండులోకి తెచ్చారమ్మా అన్నాడు. భీవండి రైలు కూత నాకక్కడే వినిపించింది.

అప్పుడు ఎర్ర రిబ్బన్ల పిల్ల తన సారును దాటుకొని మేడం ముందుకు వచ్చి నిలబడింది.

"ఆమె మోసం జెయ్యలే మేడం. గంట అంటే ఇంటికి పోవుడే అనుకొని నేనే ఆగిన. నా కాలు తొక్కితే కండ్లకద్దుకున్నది, గామె మోసం జేస్తదా?"

వాళ్ల సారు ఆ పిల్లను వెనక్కి రమ్మన్నాడు. ఆమె రాలేదు. మేడం కొంచెం సేపు ఇద్దరి మొహాలూ చూసి, ఆ బుట్ట లెక్కలోకి రాదని, ఆట మళ్లీ అక్కడి నుంచే మొదలని, ఈసారి గంటలూ హారతులూ వద్దని, నోరు మూసుకొని ఆడమని చెప్పింది. మళ్లీ మొదలైంది. ఎవరూ అరవలేదు. బొంగరం పెదవులు కరిచిపట్టుకొని బంతి విసిరింది. ఎర్ర రిబ్బన్లు ఈసారి చేతులు దించలేదు, ఎగిరి అడ్డం వచ్చింది. నిచ్చెన కుడివైపు పోతున్నట్టు పోయి, ఎడమకు మారి, ఆమె వేళ్ల పక్కనుంచి వేసింది. ఆ తర్వాత ఇంకొకటి. సంపాదించుకున్న బుట్టలంటే అవి. మేడం కాగితం మీద పెన్ను కదలడం నేను దూరం నుంచి చూశాను. చూసి కండ్లు మూసుకున్నాను.

లిస్టు గోడకు అంటించినప్పుడు నిచ్చెన నంబరు పైనుంచి మూడోది. ఆ తర్వాత కాసేపు నేనేం చేశానో నాకు సరిగా గుర్తులేదు. మాతో వచ్చిన నాయినమ్మను కౌగిలించుకొని ఏడ్చానని, పూలబుట్టలో ఉన్న కొబ్బరిముక్కలు కనబడినవాళ్లందరికీ పంచానని, ఆ పోట్లాడిన సారుకు కూడా పెట్టానని బొంగరం చెప్తుంది. ఎంత సంతోషంలో మునిగానంటే, ఎర్ర రిబ్బన్ల పిల్ల గుర్తొచ్చి వెతికేసరికి ఆ బడివాళ్లు వెళ్లిపోయారు. అప్పుడు లిస్టు దగ్గరికి మళ్లీ పోయి చదివాను. ఆ పిల్ల వీపు మీద ఇరవై మూడు ఉండటం నాకు గుర్తుంది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాను. ఆ నంబరు లేదు.

నిచ్చెన వాళ్లవాళ్లు భీవండి పోయారు, నిచ్చెన ఉండిపోయింది. ఇప్పుడు తనే ఒక బడిలో పీఈటీ. నాకు కండ్లద్దాలు వచ్చాయి, మోకాళ్లు మెట్టెక్కినప్పుడల్లా మూలుగుతాయి, ట్యూషన్ మాత్రం అదే వరండాలో నడుస్తోంది. పిల్లలకు సంస్కారం నేర్పమని తల్లులు ఇప్పటికీ చెప్పి పోతారు. సరేనంటాను గానీ, ఇరవై మూడేళ్ల వయసులో అన్నీ తెలిసినట్టు నాలుగు నియమాలు వల్లె వేయించిన ఆ టీచరక్కను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఎవరో ఏమిటో తెలియని పిల్ల కోసం తన సారును దాటుకొని నిలబడటం నేను ఏ వరండాలోనూ నేర్పలేదు. ఆ పిల్లకు ఎవరు నేర్పారో తెలియదు.

పేరు కనుక్కుందామని తర్వాత రెండు మూడుసార్లు వర్ధన్నపేట వైపు పోయినప్పుడు అడిగాను. ఎర్ర రిబ్బన్లు కట్టుకోని ఆడపిల్ల ఆ రోజుల్లో ఏ బడిలో ఉందని, నన్ను చూసి నవ్వారు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. నాకు గానీ నిచ్చెనకు గానీ మీరేం కోరనక్కర్లేదు, దేవుడు మాకు చాలా ఇచ్చాడు. మీ ఇంట్లో దండం పెట్టుకునే వేళ ఇరవై మూడో నంబరు పిల్లను ఒక్కసారి తలుచుకోండి. ఎక్కడున్నా చల్లగా ఉండాలని అనుకోండి, చాలు.